నాలుగోసారి కడగని కణాలు

ఈ మధ్య నన్ను ఒక ఆస్పత్రి ప్రయోగశాల చూడమని తీసుకెళ్ళారు. అక్కడ పనిచేసే ఒక అమ్మాయి సూక్ష్మదర్శిని కింద గాజు పలక పెట్టి చూడమంది. రొమ్ములోని గడ్డ నుంచి కోసి తీసిన ముక్క అది. పెరగమని వచ్చే కబురును అందుకునే రిసెప్టర్ ఒకటి కణం పొర మీద ఉంటుందట. అది మితిమీరి ఉన్న రోగికి ఒక వైద్యం, లేని రోగికి మరొకటి. రిసెప్టర్ కంటికి కనిపించదు. దాన్ని వెతికి పట్టుకునే యాంటీబాడీని పలక మీద వేసి, రంగు కలిపితే, రిసెప్టర్ ఉన్నచోట కణం చుట్టూ గోధుమరంగు గీత పడుతుంది. ఆమె చూపిన పలక మీద గీత లేదు.

"నెగటివ్ సార్," అంది.

"ఎట్లా తెలుసు?"

"రంగు రాలేదు కదా సార్."

"గడ్డలో రిసెప్టర్ లేకపోతే రంగు రాదు. నీ సీసాలో సరుకు చచ్చిపోయినా రంగు రాదు. ఈ రెంటిలో ఏది?"

ఆమె నొచ్చుకోలేదు. పక్కనున్న రెండో పలక తీసి పెట్టింది. రిసెప్టర్ ఉందని ముందే తెలిసిన ముక్క అది. అదే సీసాతో, అదే పూట రంగు వేసింది. గోధుమరంగు నిండుగా వచ్చింది. నేను లేచి ఆమెకు నమస్కారం పెట్టాను. పాపం, కంగారు పడింది.

ఆ రెండో పలక చూపలేని రోజు ఒకటి నా ఉద్యోగంలో ఉంది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు ఆ రోజు సంగతి చెప్పాలని ఇది రాస్తున్నాను. నాకు ఏ ఏడు ఏ హోదా వచ్చిందో రాయను. అది సర్వీసు పుస్తకంలో ఉంది, అక్కడే ఉండనివ్వండి.

గాజు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు నేను నాంపల్లిలోని ఒక సర్కారు ప్రయోగశాలలో చేరాను. స్టేషన్ నుంచి నడిచిపోయే దూరంలో పాత బంగళా. కర్నూలు నుంచి తరలివచ్చిన దఫ్తర్లతో ఆ చుట్టుపక్కల ఖాళీ గది దొరికేది కాదు.

మా కుటుంబం సంగతి కొంచెం చెప్పక తప్పదు. మాకు పదకొండు ఊళ్ళుండేవి. జాగీర్లు రద్దయ్యాక ఊళ్ళు పోయాయి. వ్యాజ్యాల వెంట తిరిగి మిగిలిన ఇల్లూ పోయింది. నాంపల్లి గల్లీలో రెండు గదుల కిరాయి ఇంట్లో కూడా మా నాయన గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చునేవాడు. నాకూ ఆ అలవాటే. దానికి నేనేమీ సిగ్గుపడను. నేను రక్తం ముట్టుకునే నౌకరీకి పోతానంటే ఆయన నెలరోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకనాడు, "చేసేదేదో తల దించుకోకుండా చెయ్యి," అన్నాడు. మా మధ్య ఆ ఉద్యోగం గురించి జరిగిన మాటలు అంతే.

మా పైఅధికారి డాక్టర్ సుందరమ్మగారు. కర్నూలు దఫ్తర్లతో పాటే వచ్చారు. తెల్లచీర, మగవాళ్ళు పెట్టుకునే చేతిగడియారం. మొదటిరోజే అడిగారు.

"ఏమయ్యా రంగారావ్, బీయెస్సీ పాసయ్యావు. గాజు కడగడం వచ్చా?"

"దానికి మనుషులున్నారు కదమ్మా."

"ఉన్నారు. ఇవాళ్టి నుంచి నువ్వూ ఉన్నావు."

ఆరు వారాలు గాజు గొట్టాలు కడిగాను. అంతవరకు నేను తాగిన గ్లాసు నేను కడగలేదు. శుభ్రంగా కడిగిన గాజు మీద నీళ్ళు తెగకుండా పలచటి పొరలా జారుతాయి. జిడ్డు మిగిలితే బొట్లుబొట్లుగా విడిపోతాయి. ఆమె ప్రతి గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసేవారు. ఒక్క బొట్టు కనిపిస్తే మొత్తం బుట్ట వెనక్కి. ఆరు వారాల తర్వాత నాకు బల్ల ఇచ్చారు. బల్ల రాగానే నేను చేసిన మొదటి పని, కడగడం మొత్తం అటెండరు బాలయ్యకు అప్పగించడం. ఆమె నేర్పింది నా చేతులకు వచ్చింది, బుర్రకు ఎక్కలేదు.

బాలయ్య నాకంటే పదేళ్ళు పెద్ద. మా పదకొండు ఊళ్ళలో ఒకదాని నుంచి వచ్చినవాడు. నన్ను బల్ల దగ్గర చూసిన రోజు చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఇది సర్కారు దఫ్తరు, చెప్పులు తొడుక్కో" అని నేను అనాలి. అనలేదు. నన్ను "దొరా" అని పిలిచేవాడు. ఆ మాటతో నన్ను పిలిచే నోరు ఊరు మొత్తంలో అదొక్కటే మిగిలింది. వినడానికి నాకు బాగానే ఉండేది.

కుందేలు ఏం చేస్తుంది

మేము వెతికింది రిసెప్టర్ కాదు, ఎర్రకణం మీద అంటుకున్న శత్రువును. తల్లి రక్తంలో లేని ఒక గుర్తు బిడ్డ ఎర్రకణాల మీద ఉందనుకోండి. కొన్నిసార్లు తల్లి ఒళ్ళు దానికి విరుగుడుగా యాంటీబాడీ తయారు చేస్తుంది. అది మాయ దాటి బిడ్డలోకి పోయి, ఆ కణాలకు అంటుకుని వాటిని నాశనం చేస్తుంది. బిడ్డ పుట్టిన గంటల్లో పచ్చబడుతుంది. తల్లికి తొలిచూలు క్షేమంగానే గడవచ్చు, తర్వాతి కాన్పుల్లోనే ముప్పు ఎక్కువ. సమయానికి తెలిస్తే బిడ్డ రక్తం కొద్దికొద్దిగా తీసి వేరే రక్తం ఎక్కించి కాపాడవచ్చు. తెలియకపోతే ఆ పచ్చదనం మెదడుకు ఎక్కుతుంది.

కణాలకు తల్లి యాంటీబాడీ అంటుకుని ఉందో లేదో చూస్తే తెలియదు. అందుకే కుందేలు. మనిషి సీరంను, అంటే యాంటీబాడీలు ఉండే రక్తద్రవాన్ని, కుందేలుకు సూదితో ఎక్కిస్తే, కుందేలు దానికి ఎదురు యాంటీబాడీ తయారు చేస్తుంది. కుందేలు సీరం ఒక చుక్క బిడ్డ కణాల మీద వేస్తే, తల్లి యాంటీబాడీ ఉన్న కణాలను అది పట్టి గుత్తులుగా కూర్చుతుంది. గొట్టం వంచి చూస్తే, విరిగిన పాలలా కనిపిస్తుంది. లేకపోతే కణాలు విడివిడిగా జారుతాయి.

ఇందులో ఒక చిక్కు ఉంది. కణాల చుట్టూ మిగిలిన రక్తద్రవంలో కూడా అదే జాతి పదార్థం ఉంటుంది. దాన్ని కడిగేయకపోతే, కుందేలు సీరం దానితోనే పోట్లాడి అలసిపోతుంది, కణాల దాకా రాదు. అందుకని కణాలను ఉప్పునీళ్ళతో నాలుగుసార్లు కడగాలి. గొట్టం నిండా పోసి, కలిపి, యంత్రంలో గిర్రున తిప్పి, పైకి తేరిన నీళ్ళు ఒంపేయాలి. ఇలా నాలుగు. సుందరమ్మగారు దీనికి ఇంకో కాపలా పెట్టారు. గుత్తులు రాని ప్రతి గొట్టంలో, యాంటీబాడీ ఉందని ముందే తెలిసిన కణాలు ఒక చుక్క వేయాలి. వాటిని ఆమె సాక్షి కణాలు అనేవారు. సాక్షి గుత్తి కడితే సీరం బతికే ఉందని అర్థం, నెగటివ్ రాయవచ్చు. సాక్షి కూడా విడిగా జారితే, ఆ పరీక్ష జరగనట్టే.

మొదటి ఏడెనిమిదేళ్ళు ఆ సీరం విదేశాల నుంచి చిన్న సీసాల్లో వచ్చేది. వచ్చినప్పుడు వచ్చేది, లేనప్పుడు లేదు. మనమే చేద్దామన్నది ఆమె. చేసింది నేను. ఏడాదిన్నర పట్టింది. బేగం బజార్ నుంచి శనగలు, ఎక్కడెక్కడి నుంచో పచ్చగడ్డి, బాలయ్య సేవ. ఆయన కుందేళ్ళకు పేర్లు పెట్టాడు. అన్నిటికంటే బలమైన సీరం ఇచ్చిన ఆడకుందేలు పేరు పటేలమ్మ.

"పటేలమ్మ అని ఎందుకు పెట్టినవ్?" అంటే,

"సూది జూపిస్తె భయపడది దొరా. మన దిక్కే గుడ్లురిమి చూస్తది," అన్నాడు.

ఆ కుందేలు సీరం విదేశీ సీసాతో సమానంగా నిలిచింది. ఆ రోజు నాకు కలిగిన గర్వాన్ని ఇప్పుడు తక్కువ చేసి రాయను. మా ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ తమ చేతులతో ఒక వస్తువు తయారు చేయలేదు. నేను చేశాను.

ఆ మధ్యాహ్నం

సంగతి తెలిసి లక్డీకాపూల్ సర్కారు దఫ్తర్ల నుంచి పెద్దలు చూడవస్తామన్నారు. నేను ఇస్త్రీ చేయించిన నల్లకోటు తొడుక్కున్నాను. సుందరమ్మగారు సగం మందిని కుందేళ్ళ దగ్గరికి తీసుకుపోయారు. మిగతా అయిదారుగురు నా బల్ల చుట్టూ నిలబడ్డారు.

అప్పుడే ఒకాయన పరుగున వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంది. చేతిలో దవాఖాన వాళ్ళిచ్చిన చిన్న సీసా. ఆ రోజుల్లో నమూనాలను రోగి తాలూకు మనుషులే మోసుకొచ్చేవారు. ఆయన పేరు గోపాల్, ఆబిడ్స్‌లో బట్టల దుకాణంలో సేల్స్‌మన్. పొద్దున ఆడపిల్ల పుట్టింది. దానికి ముందు పుట్టిన పిల్లవాడు పచ్చబడి మూడోనాడు పోయాడు.

"జర జల్ది జూడుండ్రి సార్. గిదన్న దక్కాలె," అన్నాడు.

నాకు తట్టిన మొదటి ఆలోచన రాస్తే మీకు నా మీద గౌరవం పోవచ్చు. పోనీయండి. 'అదృష్టం, వచ్చినవాళ్ళకు అసలు పరీక్షే చేసి చూపవచ్చు' అనుకున్నాను.

కణాలు కడగమని బాలయ్యకు ఇచ్చి, నేను పెద్దలకు కుందేలు కథ చెప్పసాగాను. బాలయ్య మూల బల్ల దగ్గర తిప్పుతున్నాడు, ఒంపుతున్నాడు. కొంతసేపటికి గొట్టం తెచ్చి నా ముందు పెట్టాడు.

"నాలుగుసార్లు అయింది కదా?" అన్నాను, తల తిప్పకుండానే.

"అయింది దొరా."

ఆ పిలుపు విని పెద్దల్లో ఒకాయన నవ్వి, "రావుగారూ, జాగీర్లు పోయినా దర్బారు మాత్రం నడుస్తోంది," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పటేలమ్మ సీరం రెండు చుక్కలు వేసి, తిప్పి, వంచి, కిటికీ వెలుతురుకు పట్టాను. కణాలు సన్నగా, నున్నగా, విడివిడిగా జారాయి.

సాక్షి కణాలు మంచుపెట్టెలో ఉన్నాయి. తీసి వేసి మళ్ళీ తిప్పి చూడాలంటే పది నిమిషాలు. పది నిమిషాలు ఎక్కువ కాదు. కానీ నేను చేసిన సీరం మీద, అంతమంది ముందు, నేనే అనుమానపడి సాక్షిని పిలవడమా అనిపించింది. పిలవలేదు. కాగితం మీద నెగటివ్ అని రాసి సంతకం చేశాను.

గోపాల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏం లేదు. ఫికర్ చెయ్యకు," అన్నాను. ఆయన నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

మర్నాడు

పొద్దున పిల్లల డాక్టరు తనే వచ్చాడు. నెమ్మదస్తుడు, ఎప్పుడూ గొంతెత్తినవాడు కాదు. ఆ రోజు గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"మీ కాగితం నెగటివ్ అంటోంది. బిడ్డ కాదంటోంది. పాదాల దాకా పచ్చబడింది. మీ మాట నమ్మి మామూలు కామెర్లనుకుని రాత్రంతా కూర్చున్నాను. పాలు తాగడం లేదు. ఏడుపు మారింది. నేనెవరిని నమ్మాలి?"

సుందరమ్మగారు నా వైపు చూసి ఒక్క మాట అన్నారు. "కడుగు."

కొత్త నమూనా ఆయన తెచ్చాడు. ఆమె నా వెనక నిలబడ్డారు. నేను నా చేతులతో నాలుగుసార్లు కడిగాను. అదే సీరం, అదే పటేలమ్మ. చుక్క వేసి తిప్పి వంచేసరికి గొట్టం అడుగున ఎర్రటి ముద్ద గడ్డలు గడ్డలుగా విడిపోయింది. వెలుతురుకు పట్టాల్సిన అవసరం కూడా లేకపోయింది.

డాక్టరు కాగితం కోసం ఆగలేదు. ఆ గుర్తు లేని రక్తం ఇచ్చేవాళ్ళను వెతికి, రక్తం గ్రూపు కలిపి చూసి, సీసా దవాఖాన చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నేను నెగటివ్ అని రాసి అప్పటికి దాదాపు ఒక రోజు. బిడ్డ రక్తం మార్చారు. మర్నాడు మళ్ళీ మార్చారు. బిడ్డ బతికింది.

రక్తం సీసా వెళ్ళాక సుందరమ్మగారు తలుపు వేయించారు. గదిలో ముగ్గురమే ఉన్నాం.

"బాలయ్యా, నిన్న ఎన్నిసార్లు కడిగావు?" అని అడిగారు.

"రెండుసార్లు అమ్మా. గది గూడ సగం సగం గొట్టమే."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాలుగైందంటివి గదా! నా మొకం మీదనే చెప్పితివి!" అని అరిచాను.

ఆయన తల వంచుకున్నాడు. "ఉప్పునీళ్ళు అయిపోయినయ్ దొరా. మల్ల కాగబెట్టాలంటె గంట వడ్తది. గంత మంది పెద్దమనుషులు మీ ముంగట నిలవడ్డరు. మీ ఇంట్ల లేదు అని నేనెట్ల జెప్పుదు?"

మీ ఇంట్ల, అన్నాడు. ఇందులో మాట తడబాటేమీ లేదు. మా ఇళ్ళలో విందు నడుస్తుండగా అన్నం తక్కువైతే, ఏ పనిమనిషీ బయటికొచ్చి తక్కువైందని చెప్పదు. చెబితే దొర పరువు పోతుంది. ఉన్నదాన్ని పలచగా వడ్డించి గట్టెక్కిస్తారు. మేము వాళ్ళకు నేర్పిన మర్యాద అది. బాలయ్య ఆ మర్యాదే పాటించాడు.

"ఇతను అబద్ధం చెప్పాడమ్మా," అన్నాను నేను. అప్పటికీ అదే మాట.

సుందరమ్మగారు కుర్చీలోంచి లేవలేదు. "చెప్పించుకున్నావు. 'అయింది కదా' అని అడిగావు. అది అడగడం కాదు, ఆజ్ఞ. ఎన్ని అయ్యాయి అని అడిగితే ఏమన్నా చెప్పేవాడేమో. అదీ అనుమానమే. దొరా అని పిలిపించుకున్నన్నాళ్ళు ఈ మనిషి నోట నీకు లేదు అన్న మాట వినపడదు. సరే, అతను కడగలేదు. సాక్షి ఏమైంది? సాక్షిని ఆపింది కూడా బాలయ్యేనా?"



మా దగ్గర తప్పుల పుస్తకం ఒకటి ఉండేది. తప్పు చేసినవాళ్ళు తమ చేత్తో, తమ పేరుతో రాయాలి. ఆమె దాన్ని నా ముందుకు తోసి బయటికి వెళ్ళిపోయారు. బాలయ్య పేరు రాస్తే కాదనేవాళ్ళు లేరు. ఆయనే కాదనడు. నా పేరు రాశాను. సీరం చేసింది నేను, కడగడం వదిలేసింది నేను, సాక్షిని పిలవనిది నేను. నాలుగు వాక్యాలు రాయడానికి ఒక పూట పట్టింది.

అడిగే తీరు

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను గట్టిగా చెప్పగలిగేది ఈ భాగమే. కింద పనిచేసే మనిషిని అవునో కాదో చాలే ప్రశ్న అడగకండి. ఎన్ని, ఎప్పుడు, ఎంత మిగిలింది, అని అడగండి. మీరు కోరుకున్న జవాబు మీ గొంతులో వినిపిస్తే ఎదుటివాడు అదే ఇస్తాడు. ముఖ్యంగా, మీకు లేదని చెప్పినందుకు ఎవరికీ ఏ నష్టమూ జరగకూడదు. సీరం ఎంత మంచిదైనా, లేదు అనే మనిషి లేని ప్రయోగశాల నమ్మదగింది కాదు.

ఆ మర్నాడు బాలయ్యతో, "నన్ను సార్ అను," అన్నాను. ఆయన భయపడిపోయాడు, ఉద్యోగం పోతుందనుకున్నాడు. అలవాటు పడడానికి ఆరు నెలలు పట్టింది. ఒకరోజు నేను తొందరలో ఉండగా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి.

"సార్, ఉప్పునీళ్ళు లెవ్వు. ఇంకో గంట దాక టెస్టు గాదు. ఎవలొచ్చినా గంతే."

నాకు చురుక్కుమంది. అబద్ధమెందుకు, ఆ చురుకు పోవడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది. కానీ ఆ గంట ఆగాను.

సుందరమ్మగారి తర్వాత వచ్చిన అధికారికి సాక్షి కణాలు దండగనిపించాయి. "నెగటివ్ అంటే నెగటివే కదయ్యా, మళ్ళీ దానికి జామీను ఎందుకు?" అనేవాడు. మంచివాడే, ఫైళ్ళ మనిషి. ఆయన మాట నేను వినలేదు. కోపం వస్తే పడ్డాను. మీకూ ఇట్లాంటివాళ్ళు తగులుతారు. పడండి.

చెప్పకుండా వదిలేసింది

ఇంతవరకు రాసింది చదివి, తప్పు చేశాడు, దిద్దుకున్నాడు అనుకుంటారు. నేనూ అయిదేళ్ళు అట్లాగే అనుకున్నాను.

బిడ్డ ఇంటికి వెళ్ళే రోజు నేను సుందరమ్మగారిని అడిగాను, "తల్లిదండ్రులకు చెప్పాలా అమ్మా?" అని.

"డాక్టరుకు చెప్పాం. బిడ్డ బతికింది. వాళ్ళను ఇప్పుడు భయపెట్టడం ఎందుకయ్యా?" అన్నారు.

ఆమె నాకు నేర్పినవాటిలో నేను కాదనేది ఈ ఒక్కటే. అది తప్పు. అయితే తప్పంతా ఆమె మీద వేయను. ఆ మాట వినగానే నా గుండె తేలికపడింది. దానికి పెద్దల మాట పాటించడం అని పేరు పెట్టుకున్నాను.

డెబ్బైల దశకం మొదట్లో ఒక ఆదివారం చొక్కా గుడ్డ కోసం ఆబిడ్స్ వెళ్ళాను. దుకాణంలో బట్ట తాను విప్పుతున్న మనిషి ఆగిపోయి నన్నే చూశాడు.

"సార్! నాంపల్లి సార్ గద మీరు? నేను గోపాల్. గుర్తువట్టిన్రా? మా పాప నెత్తురు తెచ్చింది నేనే."

గల్లా వెనకున్న యజమానికి నన్ను చూపించాడు. "సేట్, మా పాపను బతికిచ్చింది ఈ సారే. మొదలు ఏం లేదన్నరు. తెల్లారి మల్ల ఈయనే జూసి పట్టిండు. మల్ల జూడకుంటె పోతుండె." దవాఖానలో ఆయనకు ఎవరో అట్లా చెప్పారట. యజమాని లేచి నాకు నమస్కారం పెట్టాడు. నేను ప్రతినమస్కారం చేశాను. ఆ చేతులు దించుకోవడం ఎట్లాగో తెలియలేదు.

పాప అక్కడే ఉంది. మూలన గుడ్డముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటోంది, మాకు వీపు పెట్టి.

"సుజాతా! ఓ సుజాతా! సార్‌కు నమస్తె పెట్టు!"

పాప కదల్లేదు. రోడ్డు మీద లారీ హారన్ కొడితే తల తిప్పి చూసి, మళ్ళీ పనిలో పడింది.

"జూసిండ్రా సార్? లారీ మోత ఇనొస్తది, నాయిన పిలుపు ఇనరాదు. మొండిది. వాళ్ళమ్మ ఎన్ని దెబ్బలేసినా గింతే. మాటలు గూడ ముద్దముద్దగనే. బడిల వెయ్యవోతె పెద్ద పంతులమ్మ, ఇది ఇననే ఇనది, తీస్కపో అన్నది," అని నవ్వాడు.

ఆ కామెర్లు మెదడును వదిలినా చెవిని వదలకపోవచ్చని నేను చదివాను. లావుపాటి మోతలు వినిపిస్తాయి, సన్నటి ధ్వనులు వినిపించవు. మనిషి మాటలో సన్నటివే ఎక్కువ. ఆ పుస్తకం సుందరమ్మగారి బీరువాలో ఉండేది. నేను చదివింది ఈ పాప ఇంటికి వెళ్ళిన నెలలోనే.

నేను గుడ్డ తీసుకుని మెట్లు దిగిపోవచ్చు. అప్పుడు ఆయన బతికున్నన్నాళ్ళు నన్ను తలచుకుని దండం పెట్టేవాడు, ఆ పాప మొండిదిగానే పెరిగేది. "జర బయటికి రా గోపాల్," అన్నాను.

దుకాణం వరండాలో నిలబడి చెప్పాను. మొదటి పరీక్ష తప్పు, ఆ తప్పు నాది, దానివల్ల ఒక రోజు పోయింది. ఆ రోజు పోవడం వల్ల చెవి దెబ్బతిని ఉండవచ్చు. పాప మొండిది కాదు. 

గోపాల్ వరండా స్తంభం పట్టుకుని రోడ్డు వంక తిరిగాడు.

"గా దినం ఫికర్ చెయ్యకు అన్నరు," అన్నాడు. "గది మీకు తెల్వకనే అన్నరు. సరే. తెల్లారి తెలిసింది గద. మరి గప్పుడెందుకు జెప్పలె?"

నేను లోపల గుడ్డముక్కలు పేర్చుకుంటున్న పాప వైపు చూశాను.

"నాలుగేండ్ల సంది కొడుతున్నం సార్. ఇనవడక ఊకుంటున్నదని ఎరుకనే లేదు. మొన్న గూడ కొట్టిన."

మర్నాడు ప్రయోగశాలలో కూర్చుని, రెండు పరీక్షలూ, రెండు వేళలూ, మధ్య పోయిన గంటలూ కాగితం మీద రాసి సంతకం చేశాను. చెవి డాక్టరుకు అది కావాలి. గోపాల్, పాప, నేను దవాఖానకు నడిచి వెళ్ళాం. దారిలో గోపాల్ పాప చెయ్యి పట్టుకుని నాకంటే పది అడుగులు ముందు నడిచాడు.  డాక్టరు నా కాగితం చదివి, పాపను రకరకాల ధ్వనులతో పరీక్షించి, నేను భయపడ్డదే చెప్పాడు. చెవికి యంత్రం పెడితే కొంత వినిపిస్తుంది, ముఖం చూస్తూ మాట్లాడితే ఇంకొంత అర్థమవుతుంది, ఇంకా ముందే తెచ్చి ఉంటే మాటలు మెరుగ్గా వచ్చేవి అన్నాడు.

బయటికి వచ్చాక గోపాల్ గేటు పక్కన ఆగాడు. చేతిసంచి కింద పెట్టి, పాప ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ముఖంలో ముఖం పెట్టి, మెల్లగా, ఒక్కొక్క అక్షరమే, "సుజాతా," అని పిలిచాడు.

పాప నాయినను వింతగా చూసింది.

"ఏంది నాయినా?" అంది ముద్దమాటల్లో. "గీడనే ఉన్న గద."